మరక లేని నిక్కరు

మా అబ్బాయి ఫుట్‌బాల్ ఆడతాడు. సరదాకి కాదు, అదే వాడి ఉద్యోగం. డిఫెండరు. అంటే గోల్ వేసేవాడు కాదు, వెయ్యనివ్వనివాడు. "మీవాడు ఈ ఏడాది ఎన్ని గోల్స్ వేశాడండీ" అని ఎవరైనా అడిగితే, "వెయ్యడం వాడి పని కాదండీ" అని చెప్పి, అవతలివాళ్ళ ముఖంలో జాలి కనపడేలోగా మాట మార్చేస్తాను. నాకు అర్థమైనంతలో డిఫెండరు పని కూడా ఇంట్లో ఆడదాని పనిలాంటిదే. సవ్యంగా జరిగినన్నాళ్ళూ ఎవరి కంటా పడదు. ఒక్కరోజు పాలు పొంగి పొయ్యి మీద పడితే మాత్రం ఇల్లంతా లేచొచ్చి చూస్తుంది.

నేను పెద్దగా చదువుకున్నదాన్ని కాదు. భయపడడం మాత్రం ఎవరూ నేర్పకుండానే వచ్చింది. ఫోను మోగితే ఆసుపత్రి నుంచేమో అనుకుంటాను. మోగకపోతే ఫోను చెయ్యలేని స్థితిలో పడున్నాడేమో అనుకుంటాను. మా ఆయన బస్సు డిపోలో మెకానిక్కుగా చేసి రిటైరయ్యాడు. ఆయనకి ఏ చప్పుడు విన్నా ఏ నట్టు వదులైందో తెలుస్తుంది. నాకు ఏ చప్పుడు విన్నా ఎవరో పోయారనిపిస్తుంది. పెళ్ళయిన కొత్తలో ఆయన దీనికి నవ్వేవాడు. ఇప్పుడు చెవిలో దూది పెట్టుకుంటున్నాడు.

ఇలాంటిదాని కడుపున పుట్టి, వాడు ఏరికోరి ఎదుటివాడి కాళ్ళలో దూరే పని ఎంచుకున్నాడు.

మొదట ఈ ఊరి క్లబ్బులోనే చేరాడు. అప్పటికి మీసం కూడా సరిగ్గా రాలేదు. ఆ ఏడాది జనం వాడికి 'తలుపు' అని పేరు పెట్టారు, ఎవరు తోసినా తెరుచుకుంటున్నాడని. మా వీధి చివర పళ్ళబండివాడు "మీ తలుపు నిన్న మళ్ళీ తెరుచుకుందటగా అమ్మా" అని నాతోనే అన్నాడు. నేను వాడి దగ్గర పళ్ళు కొనడం మానేశాను. మా ఆయన ఇప్పటికీ అక్కడే కొంటాడు, ఆటలో వాడి అంచనా సరైనదేనట.

తరవాత వాడు ఆట నేర్చుకున్నాడు. ఒక పెద్ద క్లబ్బు వచ్చి తీసుకుపోయింది. అక్కడ రెండేళ్ళు ఆటలో దింపకుండా ఎక్కువగా బెంచీ మీదే కూర్చోబెట్టారు. వాడు దిగాలుగా ఫోను చేసేవాడు. "ఈవారం కూడా కూర్చోబెట్టారమ్మా" అనేవాడు. "అయ్యో నాన్నా" అనేదాన్ని పైకి. లోపల మాత్రం ఆ బెంచీ చేసిన వడ్రంగికి దణ్ణం పెట్టుకునేదాన్ని. కూర్చున్నవాడి కాలు ఎందుకు విరుగుతుంది?

ఆ పైన వాణ్ణి ఇంకో క్లబ్బుకి అరువిచ్చారు. ఈ మాట వినగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "పిల్లాణ్ణి అరువివ్వడమేంటండీ? నేను నా కుట్టుమిషను కూడా ఎవరికీ అరువివ్వను. తీసుకున్నవాళ్ళు సొంతంలా చూస్తారా?" అని మా ఆయన మీద పడ్డాను. ఆయన శాంతంగా, "సీజను అయిపోగానే తిరిగిచ్చేస్తారులే, సూదులు కూడా విరక్కుండా" అన్నాడు. ఎముకలు కొరికే చలి ఊరు అది. అక్కడే వాడు నిజంగా డిఫెండరయ్యాడు. అక్కడి జనం వాడికి 'గోడ' అని పేరు పెట్టారు. పేరు మారినందుకు మా ఆయన పొంగిపోయాడు. నేను మాత్రం, గోడకి దెబ్బలు ఎక్కువ తగులుతాయి కదా అని ఆలోచించాను.

అలా ఊళ్ళు తిరిగి తిరిగి, ముప్పై దాటాక, మొదలుపెట్టిన క్లబ్బుకే తిరిగొచ్చాడు. ఆటగాళ్ళకి ఆ వయసు ముసలితనం కిందే లెక్క. వాడొచ్చిన కొన్నాళ్ళకి ఆ క్లబ్బు లాండ్రీలో మనిషి కావాలని తెలిసింది. నేను అప్పటికి ఎన్నో ఏళ్ళుగా ఒక హోటల్లో దుప్పట్లు ఉతుకుతున్నాను. ఎవరికీ చెప్పకుండా వెళ్ళి చేరిపోయాను.

"కొడుకు పనిచేసే చోట తల్లి కూడా చేరుతుందిటే ఎక్కడైనా? రేపు వాణ్ణి మైదానం దాకా చెయ్యి పట్టుకుని తీసుకెళ్తావా?" అన్నాడు మా ఆయన.

"కాలో చెయ్యో విరిగితే దగ్గరుండద్దూ?" అన్నాను.

"అందుకు డాక్టరు ఉంది కదే."

"డాక్టరు డాక్టరే, అమ్మ అమ్మే."

ఆయన దూది వెతుక్కున్నాడు.

లాండ్రీ గది మైదానం గ్యాలరీ మెట్ల కిందుంటుంది. పైన ఎక్కడో చిన్న కిటికీ, అందులోంచి జనం బూట్లు తప్ప ఏమీ కనపడవు. మ్యాచ్ జరిగేటప్పుడు నేను అక్కడే ఉంటాను. చూడడానికి గుండె చాలదు. చూడకుండానే తెలిసిపోతుంది కూడా. మనవాళ్ళు గోల్ వేస్తే పైన జనం ఎగిరి, కప్పు మీంచి సున్నం పొడి రాలుతుంది. అవతలివాళ్ళు వేస్తే ఉన్నట్టుండి నిశ్శబ్దం, ఉతికే మిషన్ల చప్పుడే మిగులుతుంది. నాతో పనిచేసే పెద్దామెని అందరూ అక్క అంటారు. ఆ గదికి ఆవిడే యజమాని అనుకోవాలి. సున్నం రాలితే ఉతికిన బట్టల మీద పడుతుందని, మనవాళ్ళు గోల్ వేసినప్పుడల్లా విసుక్కుంటుంది.

మ్యాచ్ అవగానే బట్టలు వలసంచుల్లో వస్తాయి, ఒక్కో ఆటగాడికి ఒక్కో సంచి, దాని మీద అంకె. మావాడిది నాలుగు. ముందు మేజోళ్ళు తిరగేసి దులపాలి, గడ్డి, మట్టి రాలతాయి. కాళ్ళకి చుట్టుకున్న టేపు ముక్కలు విప్పాలి, లేకపోతే మిషన్లో బంకలా అంటుకుంటాయి. నెత్తురు మరకకి చన్నీళ్ళే, వేణ్ణీళ్ళు తగిలాయా ఇక పోదు. గడ్డి మరకని సబ్బు బిళ్ళతో రుద్ది కాసేపు వదిలెయ్యాలి. మాది తెల్ల నిక్కరు. ఆ రంగు ఎంచుకున్న మహానుభావుడు జన్మలో బట్టలు ఉతికి ఉండడు.

ఈ పనిలో పడ్డాక, బట్టల్ని చూసి ఆట మొత్తం చెప్పగలనని నాకో నమ్మకం కుదిరింది. జెర్సీ మెడ సాగిందంటే ఎవరో పట్టి లాగారు. వీపు మీద మట్టి ఉంటే వెల్లకిలా పడ్డాడు. మావాడి నిక్కరుకి ఎప్పుడూ ఎడమ తుంటి దగ్గర పొడుగాటి పచ్చ మరక ఉండేది. బంతి కోసం నేల మీద జారుతూ కాలు చాపినప్పుడు పడేది. అది చూసి నా కళ్ళు చెమర్చేవి. "చూడక్కా, వీడు ఎలా ప్రాణం పెట్టి ఆడాడో" అనేదాన్ని. "చూస్తున్నా, ఉతికేది నేనేగా" అనేది అక్క.

అసలు సంగతికి వస్తాను. పోయిన సీజను చివరితో వాడి కాంట్రాక్టు అయిపోవాలి. ఇంకో ఏడాది ఇస్తారా, 'ఇన్నాళ్ళూ సేవ చేశావు' అని పూలగుత్తి చేతిలో పెట్టి పంపేస్తారా అన్నది చివరి మ్యాచ్ అయ్యాక క్లబ్బు కమిటీ తేల్చాలి. వాడికి ఇక ఊళ్ళు తిరిగే ఓపిక లేదు. ఇక్కడే, ఈ క్లబ్బులోనే ఆట ముగించాలని వాడి కోరిక. నోరు తెరిచి ఏదీ అడగని మనిషి, మా కోడలితో ఆ మాట అన్నాడట. కోడలు నాతో అంది. నాతో చెప్పడం తప్పని ఆ పిల్లకి ఇప్పటికి అర్థమై ఉంటుంది.

సరిగ్గా అప్పుడే నేను గమనించాను. నాలుగో నంబరు సంచిలోంచి వస్తున్న నిక్కరుకి మరక లేదు. ఒక మ్యాచ్ అనుకున్నాను. తరవాతిదీ అంతే. ఆ తరవాతా అంతే. చెమట తప్ప ఏమీ లేదు, షాపులోంచి తెచ్చి మడత విప్పినట్టుంది.

నా గుండె జారిపోయింది. వీడు జారడం మానేశాడు. ఎందుకు మానేశాడు? ఎడమ మోకాలు. ఇంకేముంటుంది? కాంట్రాక్టు పోతుందని నొప్పి దాచుకుని ఆడుతున్నాడు.

ఇక ఇంటికొచ్చినప్పుడల్లా వాడి కాలు మీదే నా చూపు. మెట్లు కుడి కాలితో ఎక్కాడు. చూశారా? అన్నం తింటూ ఎడమ కాలు బల్ల కింద చాపాడు. చూశారా?

"కాలు ఎలా ఉంది నాన్నా?" అన్నాను.

"ఏ కాలు?"

"ఏదో ఒకటి."

"రెండూ ఉన్నాయమ్మా. పొద్దున్నే చూసుకున్నా."

"నొప్పేమైనా..."

"నువ్వు చూస్తుంటే నొప్పిగానే ఉంది."

మా ఆయన కంచంలోంచి తలెత్తకుండా, "ఒరేయ్, పరిగెత్తి చూపించి తినరా, మీ అమ్మ కూడా నాలుగు మెతుకులు తింటుంది" అన్నాడు.

వాడు అంత వెటకారం చేశాక నా అనుమానం ఇంకా గట్టిపడింది. నిజం దాచేవాళ్ళే నవ్వులాటలోకి దించుతారు కదా.

మర్నాడు ఆ నిక్కరు ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని క్లబ్బు డాక్టరమ్మ గదికి వెళ్ళాను. చిన్న వయసు, మంచి మనిషి. బల్ల మీద ప్లాస్టిక్ మోకాలి బొమ్మ ఒకటి పెట్టుకుంటుంది. నిక్కరు తీసి బొమ్మ పక్కనే పరిచాను.

డాక్టరమ్మ అటూ ఇటూ తిప్పి చూసింది. "శుభ్రంగానే ఉంది కదండీ."

"అదేనమ్మా జబ్బు."

"అర్థం కాలేదండీ."

మొత్తం చెప్పాను. మరక ఎక్కడ ఉండాలో వేలుపెట్టి చూపించాను. మెట్ల సంగతి చెప్పాను. బల్ల కింద కాలు చాపడం చెప్పాను. వాడి చిన్నప్పుడు సైకిల్ మీంచి పడి అదే మోకాలు కొట్టుకుపోయిందని కూడా చెప్పాను. అది నిజానికి కుడిదేమో, ఆ క్షణంలో నాకు ఎడమదిగానే గుర్తొచ్చింది. "దాచుకుని ఆడి, మైదానంలో మోకాలు పూర్తిగా తిరిగిపోతే ఎవరిదమ్మా బాధ్యత?" అన్నాను.

ఆ ఆఖరి మాట అనకుండా ఉండాల్సింది. బాధ్యత అనగానే డాక్టరమ్మ ముఖంలో నవ్వు పోయింది. పెన్ను తీసింది.

"ఇంత చెప్పాక నేను ఊరుకోకూడదండీ. స్కానింగ్ చేయించేదాకా ఆడనివ్వద్దని కోచ్‌గారికి చెప్పాలి."

"అయ్యో, ఆడనివ్వకపోవడం ఎందుకమ్మా? ఊరికే ఒకసారి చూస్తారని..."

"ఊరికే చూడడం ఉండదండీ ఇక్కడ."

స్కానింగ్ మిషను వేరే ఆసుపత్రిలో ఉంది. వంతు వచ్చేసరికి రెండు మ్యాచ్‌లు దాటిపోయాయి. ఆ రెంటికీ మావాడు కోటు వేసుకుని గ్యాలరీలో కూర్చున్నాడు. ఒకప్పుడు ఆ బెంచీ వడ్రంగికి దణ్ణం పెట్టిన తల్లి, ఈసారి ఆ గ్యాలరీ కట్టినవాణ్ణి తిట్టుకుంది. కమిటీవాళ్ళు అదే వరసలో కూర్చుని, "మోకాలట. ఈ వయసులో మోకాలంటే ఇంకేముంది" అనుకుంటున్నారని మా ఆయన విని వచ్చి చెప్పాడు. చెప్పి, నా వైపు చూడకుండా టీవీ పెట్టుకున్నాడు. ఆయన వెటకారం చెయ్యలేదంటే సంగతి పెద్దదే.

మావాడి స్థానంలో కొత్త డిఫెండర్ని దింపారు. అతని నిక్కరు చూడాలి. ఎడమా కుడీ ముందూ వెనకా, పచ్చ గోధుమరంగు కలిసి, ఎక్కడా తెలుపన్నది లేదు. "పాపం ఎంత కష్టపడ్డాడో" అన్నాను. "రెండు మ్యాచ్‌లూ ఓడిపోయారే" అంది అక్క, సబ్బు అరగదీస్తూ. నిజమే, ఆ రెండుసార్లూ కప్పు మీంచి సున్నం రాలలేదు.

స్కానింగ్‌లో ఏమీ లేదు. ఆ మోకాలు ఇరవయ్యేళ్ళ కుర్రాడి మోకాల్లా ఉందట.

కాగితం వచ్చిన రోజే వాడు లాండ్రీలోకి వచ్చాడు. ఆ గదిలోకి వాడు రావడం అదే మొదలు. గుమ్మం తక్కువ ఎత్తు, తల వంచి వచ్చాడు. అక్క మమ్మల్ని చూసి, పని లేకపోయినా రెండు బకెట్లు తీసుకుని బయటికి వెళ్ళింది.

"నిక్కరు తీసుకెళ్ళి డాక్టరుకి చూపించావటగా" అన్నాడు.

"మరక లేదురా నాన్నా."

"లేకపోతే?"

"జారడం మానేశావనుకున్నాను. నొప్పి వల్ల."

వాడు కోపంతోనే వచ్చాడు. నా ముఖం చూశాక ఏమనిపించిందో, బట్టల బుట్ట బోర్లించి దాని మీద కూర్చున్నాడు. ఎడమ కాలు చాపాడు. ఈసారి నేను అటు చూడలేదు.

"అమ్మా, నేల మీద పడి బంతి ఆపేవాడు ఆలస్యంగా వచ్చినవాడు. అవతలివాడు ఎటు వెళ్తాడో ముందే కనిపెట్టి అక్కడ నిలబడితే పడాల్సిన పనే ఉండదు. నాకది ఒంటబట్టడానికి ఇన్నేళ్ళు పట్టింది. ఈ ఏడాది ఆడినంత బాగా నేనెప్పుడూ ఆడలేదు. ఈ ఏడాదే నువ్వు నన్ను డాక్టరుకి పట్టించావు."

నేను కాసేపు మేజోళ్ళు దులిపాను. దులిపినవే మళ్ళీ దులిపాను.

"అయితే ఇన్నాళ్ళూ నేను చూసి మురిసిపోయిన మరకలన్నీ..."

"అన్నీ కాదులే" అన్నాడు. కొంచెం ఆలోచించి, "చాలా" అన్నాడు.

"కాంట్రాక్టు పోతుందంటావా?"

"తెలీదు. ఇంకొక్క మ్యాచ్ ఉంది." లేచి గుమ్మం దగ్గర ఆగాడు. "దానికి పైకొచ్చి కూర్చో. బట్టలు చూసింది చాలు. ఒక్కసారి ఆట చూడు."

నాకు భయమని వాడికి తెలుసు. తెలిసే అడిగాడు. కాదనే ముఖం నాకెక్కడిది?

చివరి మ్యాచ్‌కి అక్కే నన్ను గదిలోంచి బయటికి తోసి గడియ పెట్టింది. మా ఆయన పక్కన, గోల్‌కి దగ్గరగా మొదటి వరసలో కూర్చున్నాను. చిన్న మైదానం మాది, ఆటగాళ్ళ రొప్పు కూడా వినిపిస్తుంది. మొదట చాలాసేపు వేళ్ళ సందుల్లోంచి చూశాను. తరవాత చేతులు దించాను. ఎందుకంటే వాడి దగ్గర ఏమీ జరగడం లేదు.

నిజంగానే ఏమీ జరగడం లేదు. అవతలివాడు బంతి తీసుకుని గాలిలా వచ్చేవాడు, తీరా చూస్తే దారిలో మావాడు ముందే నిలబడి ఉండేవాడు, బస్సు కోసం చూస్తున్నవాడిలా. వాడు ఇంకో పక్కకి వెళ్ళేవాడు, మావాడు రెండడుగులు జరిగేవాడు. చెయ్యి చాపి ఎవరికో చోటు చూపించేవాడు. ఏదో అనేవాడు. బంతి వాడి పాదం దగ్గరికి దానంతటదే వచ్చేది. చెమట తప్ప నిక్కరు మీద మచ్చ లేదు.

"వీడు ఇలా ఆడతాడని నాకు ఎందుకు చెప్పలేదు?" అన్నాను మా ఆయనతో.

"చెప్తే వినేదానివా? ఇన్నేళ్ళూ కిందే కూర్చున్నావుగా."

మనవాళ్ళు ముందే ఒక గోల్ వేసి ఉన్నారు. ఇంక కాసేపు ఆపితే చాలు. అవతలివాళ్ళకి మన గోల్ దగ్గర్లోనే ఫ్రీకిక్ వచ్చింది, అంటే బంతిని ఆపిపెట్టి తీరిగ్గా గురిచూసి కొట్టే అవకాశం. బంతి కొట్టేవాడు వెనక్కి నడుస్తున్నాడు. అప్పుడు చూశాను నేను, మావాడి వెనకనుంచి అవతలివాళ్ళలో పొడుగాటివాడొకడు నెమ్మదిగా జారుకుంటున్నాడు. ఒక్క నాకే కనపడ్డాడనుకున్నాను. మైదానంలో ఉన్న పాతికమందికీ, డబ్బిచ్చి కూర్చున్న వేలమందికీ కనపడనిది, నిక్కర్లు ఉతికే నాకు కనపడిందనుకున్నాను.

లేచి నిలబడ్డాను. "నాన్నా, వెనకాల" అని అరిచాను.

వాడు తిరిగి చూశాడు. వెనక్కి కాదు, నా వైపు. నెలల పిల్లాడిగా ఉన్నప్పటి నుంచీ ఆ గొంతు వినపడితే తిరిగి చూడడం అలవాటు చేసింది నేనేగా. ఆ రెప్పపాటులో బంతి కొట్టేశారు. మావాడు ఎప్పుడో కనిపెట్టి వదలకుండా కాసుకున్న ఆ పొడుగాటివాడు, ఆ రెప్పపాటులోనే దాటేశాడు. గోల్ ముందు వాడొక్కడే ఉన్నాడు, బంతి గాల్లో ఉంది.

మావాడు పరిగెత్తి ఒళ్ళంతా నేలకేసి జారాడు. ఎడమ తుంటి మీద, పొడుగ్గా, పాత రోజుల్లోలాగే. బూటు కొస బంతికి తగిలింది. బంతి గోల్ పక్కనుంచి బయటికి పోయింది.

జనం ఎగిరారు. కింద లాండ్రీలో సున్నం రాలి ఉంటుంది. మా ఆయన నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, మ్యాచ్ అయ్యేదాకా వదల్లేదు. ప్రేమతో కాదు.

సాయంత్రం నాలుగో నంబరు సంచి నేనే విప్పాను. పచ్చ మరక తుంటి నుంచి మోకాలి దాకా ఉంది. అక్క వంగి చూసి, "ఇది మళ్ళీ మొదలైందేం?" అంది.

"అది వాడిది కాదక్కా, నాది" అన్నాను.

సబ్బు పట్టించి వదిలేసిన కాసేపటికి కోచ్‌గారు గుమ్మంలోకి వచ్చారు. మాటలు తక్కువ మనిషి, ఉన్న నాలుగూ కూడా ఈల ఊదినట్టే ఉంటాయి. నేను చేతులు తుడుచుకుని నిలబడ్డాను.

"మీ అబ్బాయికి ఇంకో ఏడాది ఇస్తున్నాం. అతను లేకపోతే ఎలా ఉంటుందో ఆ రెండు మ్యాచ్‌ల్లో కమిటీవాళ్ళు చూశారు."

నాకు ప్రాణం లేచొచ్చింది. "అంటే సార్, నేను డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళడం కూడా ఒకరకంగా..."

"అనకండి" అన్నారు ఆయన. "ఒక షరతు ఉంది. మ్యాచ్ జరిగేటప్పుడు మీరు ఈ గదిలోనే ఉండాలి."

"ఇది మీ షరతా సార్, కమిటీదా?"

"మీ అబ్బాయిది."

అక్క బకెట్లో ముఖం పెట్టి నవ్వింది.

కొత్త సీజను మొదలై కొన్నాళ్ళయింది. నేను కిందే ఉంటున్నాను. నిక్కరు తెల్లగా వస్తోంది. తెల్లటి నిక్కరు చూసి భయపడకూడదని నాకు ఇప్పుడు బాగా తెలుసు. చూస్తాను, మడత పెడతాను, అంతే.

మేజోళ్ళ సంగతే కొంచెం అర్థం కావడం లేదు. కుడిదానికన్నా ఎడమదాని మడమ తొందరగా అరుగుతోంది. పోయినసారిదీ అంతే, అంతకుముందుదీ అంతే. ఎవరికీ చెప్పలేదు. రెండు జతలు తీసి అలమరలో వెనకగా దాచాను, అంతే.